కందెన, పుల్ల, ఎర్రదీపం

కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని మనకో సామెత ఉంది. చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో ఎడ్లబండి ఎక్కినవాడిని కాబట్టి ఆ సంగీతం నేను విన్నాను. ఇరుసుకి కందెన ఆరిపోతే అరమైలు దూరం నుంచే కీచుమని వినపడేది. బండివాడు చూసుకోకపోయినా ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు, "ఏరా, ఇరుసుకి ఇంత ఆముదం పెట్టలేవూ?" అని తిట్టేవాళ్ళు. అంటే కందెన ఉందో లేదో చూసే పని బండివాడిది ఒక్కడిదే కాదు, చెవులున్న ప్రతివాడిదీ.

కారుకి ఆ సంగీతం లేదు. మొదట్లో ఉన్నదాన్ని కూడా మనమే నూటపాతికేళ్ళు కష్టపడి పోగొట్టుకున్నాం. ఆ నూటపాతికేళ్ళ కథ చెప్దామని కూర్చున్నాను. దానికి ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా ఈ చరిత్రంతా రాస్తే "వీడికెందుకొచ్చిన గోలరా" అనుకుంటారు.

మా నాన్నగారు తెనాలిలో పాతికేళ్ళు అంబాసిడర్ ట్యాక్సీ నడిపారు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకున్నాక ఆయన చేసే మొదటి పని బానెట్ ఎత్తడం. పాత బనీను ముక్క ఒకటి డిక్కీలో ఉండేది. ఆయిల్ గేజ్ పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ లాగి, వెలుతురుకి పట్టుకుని చూసేవారు. ఆ తరవాతే కాఫీ. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఈ తంతు చూస్తున్నాను. దేవుడి గదిలో అమ్మ దీపం పెట్టడమూ, వాకిట్లో నాన్న పుల్ల లాగడమూ రెండూ నా దృష్టిలో ఒకటే. ఎందుకు చేస్తారో అడగకూడనివి అన్నమాట.

తరవాత నేను ఇంజనీరింగు చదివి, హైదరాబాదు చేరి, సాఫ్టువేరు పనిలో పడి, ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అప్పటికే అది లక్ష కిలోమీటర్లు దాటేసింది. ఒక పండక్కి ఊరెళ్ళబోతుంటే ముందురోజు రాత్రి నాన్న ఫోన్ చేశారు.

"ఆయిల్ చూశావురా?"

"ఇప్పుడు కార్లు అలా కాదు నాన్నా. తక్కువైతే డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుంది."

"ఓహో" అని ఊరుకున్నారు.

నిజానికి ఆ ఎర్రలైటు రెండు రోజుల ముందే ఒకసారి వెలిగింది. ఫ్లైఓవర్ మీద మలుపు తిరుగుతుంటే అర సెకను మెరిసి ఆరిపోయింది. నేనేమనుకున్నానంటే... మీరందరూ ఈ పనిలో ఉన్నవాళ్ళే కాబట్టి సిగ్గులేకుండా చెప్తున్నాను, "మళ్ళీ రావట్లేదుగా, క్లోజ్ చేసెయ్" అనుకున్నాను. బగ్గు రీప్రొడ్యూస్ కాకపోతే అది బగ్గే కాదు కదా మనకి :)

సూర్యాపేట దాటాక ఎర్రలైటు వెలిగి, ఈసారి ఆరలేదు. "సరే, తరవాతి బంకులో ఒక లీటరు పోయిద్దాంలే" అని ఏడెనిమిది కిలోమీటర్లు నడిపాను. ముందు టకటకమని శబ్దం, తరవాత గడగడ, తరవాత నిశ్శబ్దం. పక్కకి లాగి ఆపితే మళ్ళీ స్టార్టర్ కూడా తిరగలేదు. రెండు గంటల తరవాత వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, పుల్ల లాగి నా మొహం ముందు పెట్టాడు. తడే లేదు. "ఇంజన్ పట్టేసింది సార్" అన్నాడు. క్రాంకు, బేరింగులు, పిస్టన్లు అన్నీ కలిపి ఎనభై వేల పైన అయింది. పిల్లల్నీ, మా ఆవిణ్ణీ ఆర్టీసీ బస్సు ఎక్కించి, నేను టోయింగ్ బండిలో వెనక్కి వచ్చాను. అమ్మ ఆ పండక్కి చేసిన అరిసెలు తరవాత ఎప్పుడో పార్సిల్లో వచ్చాయి.

నాన్న ఒక్క మాట అనలేదు. అదే బాధ. అన్నా బాగుండేది.

సరే, ఆ లైటు నాకు అబద్ధం చెప్పిందా? లేదు. నేను అడిగిన ప్రశ్న వేరు, అది చెప్పిన జవాబు వేరు. ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

* * *

యంత్రాలకి కందెన వేయడం మొదట్లో మనిషి పనే. ఆవిరి రైలింజన్ల రోజుల్లో ఎక్కడ ఏ కీలుంటే అక్కడ నూనెడబ్బాతో చుక్కలు వేసుకుంటూ వెళ్ళాలి. దానికోసం రైలాపాలి. 1870 ప్రాంతంలో అమెరికాలో మిచిగన్ సెంట్రల్ రైల్వేలో ఎలైజా మెకాయ్ అనే నల్లజాతి యువకుడు ఇంజన్లో బొగ్గు వేసే పనిలో ఉండేవాడు. ఇతని తల్లిదండ్రులు కెంటకీలో బానిసత్వం నుంచి తప్పించుకుని కెనడా పారిపోయినవాళ్ళు. ఇతను స్కాట్లండ్ వెళ్ళి మెకానికల్ ఇంజనీరింగు నేర్చుకుని వచ్చాడు. అయినా ఒంటి రంగు చూసి ఇంజనీరు ఉద్యోగం ఇవ్వలేదు. బొగ్గు వెయ్యడం, నూనె పొయ్యడం, ఇవే ఇచ్చారు. రోజూ నూనె పోసినవాడికే కదా అందులో కష్టం తెలిసేది! ఇంజన్ నడుస్తుండగానే దానంతటదే నూనె అందించే లూబ్రికేటర్ తయారుచేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. రైలాపి నూనె వేయించే పనిని యంత్రమే తనకు తాను చేసుకోవడం అప్పటినుంచి ఊపందుకుంది. ఆన్‌కాల్ డ్యూటీతో విసిగిపోయినవాడు స్క్రిప్టు రాసినట్టు అనుకోండి.

ఇక నూనె సంగతి. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో డ్రేక్ బావి పడేదాకా కందెనలన్నీ దాదాపు కొవ్వు, చేపనూనె, గింజల నూనెలే. 1866లో జాన్ ఎలిస్ అనే వైద్యుడు ముడి పెట్రోలియంలో ఏమైనా ఔషధగుణం ఉందేమోనని వెతుకుతూ, అది మనిషికన్నా ఆవిరి ఇంజనుకే బాగా పనిచేస్తుందని గ్రహించాడు. వాల్వొలీన్ పేరు అక్కడినుంచి వచ్చిందే. ఇంకోపక్క లండన్‌లో 1899లో ఛార్లెస్ వేక్‌ఫీల్డ్ పెట్టిన కంపెనీ 1909లో ఒక కొత్త ఇంజన్ ఆయిల్ తెచ్చింది. అందులో కాస్టర్ ఆయిల్ కలిపారు కాబట్టి దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టారు. కాస్టర్ ఆయిలంటే ఏమిటండీ? మన ఆముదం!

అవును, బండి ఇరుసుకి పూసిన ఆముదమే విమానాలెక్కింది. మొదటి ప్రపంచయుద్ధంలో నోమ్, ల రోన్, క్లెర్జే అనే రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో ఇంజన్ మొత్తం గిరగిరా తిరుగుతుంది, పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేస్ గుండానే పోతుంది. మామూలు మినరల్ ఆయిల్ వేస్తే పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. ఆముదం పెట్రోల్లో అంత తేలిగ్గా కరగదు, వేడికీ ఆగుతుంది. అందుకని అదే వాడారు. ఒకసారి వాడిన నూనె మళ్ళీ చాంబర్లోకి రాదు, అలాగే గాల్లోకి పోతుంది. ఆ ఆవిరిని గంటలతరబడి పీల్చిన పైలట్లకి కడుపు ఏమయ్యేదో ఆముదం తాగిన మొహాలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో మనదేశంలో ఆముదం బాగా పండే ప్రాంతాల్లో హైదరాబాద్ రాజ్యం ఒకటి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో ఆముదం చాలాకాలం ముఖ్యమైన పంట. యుద్ధంలోకి దిగాక అమెరికావాళ్ళు విమానాలకి ఆముదం సరిపోక భారతదేశం నుంచి గింజలు ఓడల్లో తెప్పించి ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి చోట్ల రైతులచేత వేయించారు. నా కారు ఆగిపోయింది కూడా ఆ పాత నల్లగొండ జిల్లాలోనే. ఆముదం పండిన నేలమీద కందెన లేక చచ్చిన ఇంజన్ నాది!

ఆ విమానాల్లో నూనె సంగతి పైలట్‌కి తెలిసేదెలా? సాప్‌విత్ క్యామెల్ లాంటివాటిలో కాక్‌పిట్లో చిన్న గాజు బుడ్డి ఒకటి ఉండేది. పంపు కొట్టినప్పుడల్లా అందులో నూనె మట్టం పైకీ కిందకీ నాడిలా కొట్టుకుంటుంది. కొట్టుకోవడం ఆగితే కాసేపట్లో ఇంజనూ ఆగుతుంది. పైలట్ చూసేది నూనెనే, నూనె గురించి ఇంకెవరో చెప్పేది కాదు. ఆ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

* * *

తొలి కార్లలోనూ ఇదే పద్ధతి. డాష్‌బోర్డు మీద వరసగా గాజుగొట్టాలు, వాటిలోంచి ఒక్కో బేరింగుకి చుక్కచుక్కగా నూనె. నిమిషానికి ఎన్ని చుక్కలో డ్రైవరు లెక్కపెట్టి మరలు సర్దుకోవాలి. ఎత్తు ఎక్కుతుంటే ఎక్కువ చుక్కలు, పల్లంలో తక్కువ. ఈ నూనె కూడా కాలిపోవడమో కారిపోవడమో తప్ప వెనక్కి రాదు. అందుకని "ఇంజన్లో ఎంత నూనె ఉంది?" అనే ప్రశ్నే అప్పుడు పెద్దగా లేదు. డబ్బాలో ఎంత ఉంది, చుక్క పడుతోందా లేదా, ఇవే ప్రశ్నలు.

నూనెని కింద చాంబర్లో నిలవపెట్టి, మళ్ళీ మళ్ళీ తిప్పి వాడటం మొదలయ్యాకే మట్టం చూడాల్సిన అవసరం వచ్చింది. మనకి తెలిసిన ఆ ప్రశ్న నిజంగా జనంలోకి వెళ్ళింది 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీతో. 1927 దాకా కోటీ యాభై లక్షల కార్లు అమ్ముడుపోయాయి. అందులో ఆయిల్ పంపు లేదు, ఫిల్టర్ లేదు, ప్రెషర్ గేజ్ లేదు, డిప్ స్టిక్ కూడా లేదు. ఫ్లైవీల్ తిరుగుతూ నూనెని చిలకరిస్తుంది, ఒక గొట్టం కొంత నూనెని పట్టుకుని ముందుకి పంపుతుంది, అంతే.

మరి మట్టం చూసేదెలా? ఫ్లైవీల్ ఉండే పెట్టెకి అడుగున ఒకదానిపైన ఒకటి రెండు చిన్న కొళాయిలు ఉండేవి. కారు కిందకి దూరి పై కొళాయి తిప్పాలి. నూనె కారితే నిండుగా ఉన్నట్టు. కారకపోతే కింది కొళాయి తిప్పాలి. అక్కడ కారితే పరవాలేదు. అక్కడా కారకపోతే కారు కదపకూడదు. ఎంత ఉందో చెప్పదు, ఈ రెండు గీతల మధ్య ఉందా లేదా, అంతే చెప్తుంది. రెండు బిట్ల సమాచారం! పైగా అందులో "పైది కారుతుంది, కిందిది కారదు" అనేది జరగదు కాబట్టి మూడే స్థితులు. అయినా దానితో కోటిన్నర కార్లు నడిచాయి. కాకపోతే సూటూ బూటూ వేసుకున్నవాడు మట్టిలో పడుకుని మోచేతిదాకా నూనె కార్చుకోవాలి. అందుకే కొళాయిని దూరం నుంచి తిప్పే పొడుగాటి కడ్డీలు అమ్మి బాగుపడిన వ్యాపారులు కూడా ఉన్నారు.

దాని తరవాత వచ్చిన మోడల్ ఏ కారులో కొళాయిలు పోయి పుల్ల వచ్చింది. రెండు గీతలున్న ఒక ఇనప పుల్ల. కారు కిందకి దూరక్కర్లేదు, బానెట్ ఎత్తితే చాలు. తరవాత ఇంజన్లు ఎంత మారినా ఆ పుల్ల దాదాపు ఎనభై ఏళ్ళు అలాగే ఉంది. అంబాసిడర్లో అదే, ప్రీమియర్ పద్మినిలో అదే, 1983లో వచ్చిన మారుతి 800లోనూ అదే.

ఈలోగా మిగతావి మెరుగయ్యాయి. 1911లో ఎస్ఏఈ వాళ్ళు నూనె చిక్కదనానికి నంబర్లు పెట్టారు. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లండ్ ఫిల్టర్ తెచ్చాడు. పంపుతో ఒత్తిడి పెట్టి క్రాంకులో రంధ్రాలగుండా ప్రతి బేరింగుకీ నూనె పంపడం మామూలైపోయింది. దాంతోపాటే డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ గేజ్ వచ్చింది. ముల్లు కదులుతుంటే డ్రైవరుకి అలవాటుగా తెలుస్తుంది, "నిన్న ఇక్కడుండేది, ఇవాళ కొంచెం కిందుందే" అని.

ఆ తరవాత 1930ల మధ్యలో అమెరికాలో హడ్సన్ కంపెనీ ఆ ముల్లు తీసేసి ఎర్రదీపం పెట్టింది. వాడికి చవక, డ్రైవరుకి తేలిక. కొన్నాళ్ళకి అందరూ అదే బాట పట్టారు. కార్లంటే పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రం కోపంతో దానికి "ఇడియట్ లైట్" అని పేరు పెట్టారు. సూర్యాపేట దగ్గర ఆ పేరు ఎవరికి సరిపోయిందో మీకు తెలుసు.

* * *

ఇప్పుడు అసలు విషయం. ఆ ఎర్రదీపం నూనె మట్టం చెప్పదు. ఒత్తిడి చెప్తుంది. అదీ ఎంతుందో చెప్పదు, పూర్తిగా పడిపోయిందా లేదా అన్నదే చెప్తుంది. నడుస్తున్న ఇంజన్లో నూనె ఒత్తిడి మామూలుగా రెండు నుంచి నాలుగు బార్లు ఉంటుంది అనుకుంటే, చాలా కార్లలో ఆ స్విచ్ వెలిగేది దాదాపు అర బార్ కన్నా కిందకి పడినప్పుడు. చాంబర్లో నూనె సగానికి తగ్గినా పంపు మూతి మునిగి ఉన్నంతసేపూ ఒత్తిడి బాగానే ఉంటుంది, దీపం ఆరే ఉంటుంది. ఆ మూతి గాలి పీల్చిన క్షణం ఒత్తిడి పోతుంది, అప్పుడు వెలుగుతుంది. బేరింగుకీ క్రాంకుకీ మధ్య ఉండేది కొన్ని మైక్రాన్ల నూనె పొర. అది తెగాక ఇనుమూ ఇనుమూ రాసుకోవడమే. అందుకే ఆ దీపం వెలిగితే బంకుదాకా వెళ్ళకూడదు, అక్కడికక్కడ ఇంజన్ ఆపెయ్యాలి.

ఫ్లైఓవర్ మలుపులో అర సెకను ఎందుకు మెరిసిందో కూడా ఇప్పుడు తెలిసింది. మలుపులో నూనె ఒకపక్కకి ఒరిగి పంపు మూతి బయటపడింది. అంటే రెండు రోజుల ముందే నాకు చావు కబురు అందింది. నేనే క్లోజ్ చేశాను.

ఆ దీపం మీద బొమ్మ ఎప్పుడైనా సరిగ్గా చూశారా? అలాద్దీన్ దీపంలా ఉండి, ముక్కు చివర ఒక చుక్క. అది రైలింజన్ల కాలంలో చేత్తో నూనె వేసే డబ్బా. ఇప్పుడు ఆ డబ్బా ఎవరూ వాడరు, సేవ్ బటన్ మీద ఫ్లాపీ బొమ్మలా మిగిలిపోయిందంతే. ఆ బొమ్మ చూసి "నూనె పొయ్యమంటోంది" అనుకోవడం సహజం. అది చెప్పేది మాత్రం "ఇంజన్ ఆపు" అని.

మా ఆఫీసులో ఒకసారి మానిటరింగ్ తెర మొత్తం పచ్చగా ఉండగా సర్వర్ పడిపోయింది. చూస్తే, సమాచారం పంపాల్సిన ప్రోగ్రాం వారం క్రితమే చచ్చిపోయింది. పచ్చరంగుకి అర్థం సర్వర్ బాగుందని కాదు, సర్వర్ గురించి ఎవరూ ఏమీ చెప్పట్లేదని. ఆ రోజు అందరికీ పెద్ద మెయిలు రాసింది నేనే. అదే బుద్ధి నా కారు దగ్గర ఏమైందో!

పుల్ల లాగే అలవాటు మనకి ఎలా పోయింది? అమెరికాలో ఒకప్పుడు పెట్రోలు పోయించుకుంటే బంకులో కుర్రాడే బానెట్ ఎత్తి ఆయిల్ చూసేవాడు. (అందులోనూ మోసం ఉండేది. పుల్లని చివరిదాకా దించకుండా పైకి లాగి, "చూడండి, ఆయిల్ లేదు" అని డబ్బా అమ్మేవాళ్ళు. మన బంకుల్లో "సార్, జీరో చూసుకోండి" అంటే ఎందుకు చూసుకుంటామో ఇదీ అంతే.) 1970ల చమురు సంక్షోభం తరవాత ఎవరి పెట్రోలు వాళ్ళే పోసుకోవడం పెరిగింది, ఆయిల్ చూసే కుర్రాడు పోయాడు. మనకి కుర్రాడు ఉన్నాడు గానీ బానెట్ ఎత్తడు. ఇదివరకు ట్యాక్సీ డ్రైవర్లకి ఇంజన్ పోతే ఆ నెల అన్నం పోయినట్టు, కాబట్టి చూసుకునేవాళ్ళు. మనకి ఈఎమ్ఐ ఒక్కటే గుర్తుంటుంది.

తరవాత లెక్కలు వచ్చాయి. 1980ల చివర్లో జనరల్ మోటార్స్ కార్లలో ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పే పద్ధతి పెట్టారు. అది నూనెని ముట్టుకోదు, చూడదు. ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడెక్కింది అనేవి చూసి నూనె ఎంత పాడైపోయి ఉంటుందో లెక్క కడుతుంది. మంచి ఆల్గారిథమే, అనవసరంగా మార్చే ఖర్చు తప్పించింది. కానీ నూనె కారిపోయిందో, కాలిపోయిందో దానికి తెలీదు. చాంబర్ ఖాళీగా ఉన్నా "నలభై శాతం ఆయుష్షు ఉంది" అని చెప్పగలదు. 2000ల మధ్యలో బీఎండబ్ల్యూ చాలా మోడళ్ళలో పుల్లే తీసేసింది. చాంబర్లో సెన్సర్ మట్టం కొలిచి తెరమీద చూపిస్తుంది. సెన్సర్ మంచిదే, మట్టాన్ని నిజంగానే కొలుస్తుంది. కానీ సెన్సర్ పాడైతే సరిచూసుకోవడానికి ఇంకో దారి లేదు. ఒకే ఒక్క సాక్షి ఉన్న కేసు లాంటిది.

* * *

కారు బాగయ్యాక నాకు జ్ఞానోదయమైంది. ఇక రోజూ చూడాలని నిర్ణయించుకున్నాను. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీదే ఆపి, వెంటనే పుల్ల లాగి చూశాను. కింది గీత దగ్గర ఉంది. భయం వేసి అర లీటరు పైన పోశాను. మర్నాడు పొద్దున చూస్తే పై గీత దాటి వేలెడు పైకి ఉంది! నాన్నకి ఫోన్ చేశాను.

"ఎక్కడ పెట్టి చూశావు?"

"ర్యాంపు మీద."

"ఆపి ఎంతసేపైంది?"

"అప్పుడే ఆపాను."

"ఆయిలంతా ఇంకా పైనే ఉంటదిరా. దిగనివ్వొద్దూ?"

ఇంజన్ ఆపిన వెంటనే నూనె వాల్వుల దగ్గరా, సందుల్లోనూ ఉంటుంది. చాంబర్లోకి దిగడానికి అయిదు పది నిమిషాలు పడుతుంది. వాలులో ఉంటే నూనె ఒకపక్కకి చేరి పుల్లకి తప్పు మట్టం చూపిస్తుంది. నేను రెండు తప్పులూ ఒకేసారి చేశాను. ఎక్కువ పోస్తే ఏమవుతుందిలే అనుకోకండి. మట్టం మరీ పెరిగితే తిరుగుతున్న క్రాంకు నూనెని కొట్టి మజ్జిగలా చిలుకుతుంది. నురగ పట్టిన నూనెలో గాలే ఎక్కువ, ఆ గాలి బేరింగులని కాపాడదు. చివరికి మెకానిక్ చేత కింద బోల్టు వదులు చేయించి ఎక్కువైంది తీయించాను.

నాన్న పద్ధతి ఇదీ. బండి సమనేల మీద ఉండాలి. వేడిగా ఉన్న ఇంజన్ అయితే ఆపి పది నిమిషాలు ఆగాలి. మొదటిసారి లాగినప్పుడు కనపడేది నమ్మకూడదు, ఎందుకంటే నడుస్తున్నప్పుడు నూనె గొట్టంలోకి ఎగిరి పుల్లంతా పూసుకుని ఉంటుంది. తుడిచి, చివరిదాకా నొక్కి, మళ్ళీ లాగాలి. రెండు వైపులా చూడాలి. గొట్టం గోడకి రాసుకుని ఒకవైపు ఎక్కువ చూపిస్తే, తక్కువ చూపించే వైపే నిజం. రెండు గీతల మధ్య ఉండాలి, పైగీతకి దగ్గరగా ఉంటే మంచిది. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా ఒక లీటరు అటూ ఇటూ, చిన్న కార్లలో ఇంకా తక్కువ. కాబట్టి పోసేటప్పుడు పావు లీటరు చొప్పున పోసి, ఆగి, మళ్ళీ చూడాలి.

ఇంత చెప్పి ఆయన ఇంకోటి అన్నారు. "ముందు నీ కారు పుస్తకం చూడు. నాకు తెలిసింది అంబాసిడరే." ఆ మాట నిజం. అన్ని కార్లకీ ఒకే పద్ధతి కాదు. పాత పోర్షె 911లో నూనె విడిగా ట్యాంకులో ఉంటుంది కాబట్టి ఇంజన్ వేడెక్కాక, నడుస్తుండగానే చూడాలి. ఆపాక చూస్తే తప్పు చూపిస్తుంది. సెన్సర్ ఉన్న చాలా కార్లలో కూడా ఇంజన్ వేడెక్కితేగానీ మట్టం చూపించదు.

ఒక్కసారి చూస్తే సరిపోదు, అదే పద్ధతిలో మళ్ళీ మళ్ళీ చూడాలి. నాన్న రోజూ పొద్దున్నే, అదే వాకిట్లో, అదే చోట, చల్లారిన ఇంజన్ మీద చూసేవారు. అందుకే ఒక చిన్న గీత తగ్గినా పట్టుకునేవారు. కొన్ని కంపెనీల పుస్తకాల్లో వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు దాకా తాగడం మామూలే అని రాసి ఉంటుంది. పది వేల కిలోమీటర్లకి ఒకసారి సర్వీసుకి వెళ్ళే మనం మధ్యలో ఒక్కసారీ చూడకపోతే ఏమవుతుందో గుణించుకోండి.

తగ్గడమే కాదు, పెరగడం కూడా చూడాలి. 2020 ఏప్రిల్లో బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లలో పొగ వడపోసే డీపీఎఫ్ ఉంటోంది. అందులో పేరుకున్న మసి కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. రోజూ ఇంటినుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లే తిప్పే కార్లో ఆ కాల్చడం సగంలో ఆగిపోతూ ఉంటే, కొంత డీజిల్ నూనెలోకి దిగుతుంది. పుల్ల మీద మట్టం పెరుగుతుంది, "భలే, నా కారు ఆయిలే తాగదు" అని మురిసిపోతాం. పల్చబడిన నూనె అది. పుల్ల ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన వస్తుంది. 2018లో చైనాలో చలి ప్రాంతాల్లో హోండా టర్బో పెట్రోల్ కార్లలో ఇలాగే పెట్రోలు నూనెలో కలిసి మట్టం పెరిగి, పెద్ద గొడవై కార్లు వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. అక్కడ చాలామంది యజమానులు దాన్ని కనిపెట్టింది ఎలాగనుకున్నారు? పుల్ల లాగి చూసి!

పాత రోజులే మంచివి, కొత్తవన్నీ చెత్త అని నేను అనడం లేదు. ఫ్లైవీల్ కింద కొళాయి తిప్పడానికి మట్టిలో పడుకోమంటే నేనూ పడుకోను. ఇవాళ్టి ఇంజన్లు నాన్న అంబాసిడర్ కన్నా ఎన్నో రెట్లు మెరుగు. నేననేది ఒకటే. చుక్కలు లెక్కపెట్టిన డ్రైవరు, గాజుబుడ్డి చూసిన పైలట్, కొళాయి తిప్పిన మోడల్ టీ రైతు, పుల్ల లాగిన మా నాన్న, వీళ్ళందరూ నూనెని చూశారు. నేను దీపాన్ని చూశాను. ఆ దీపం ఏ ప్రశ్నకి జవాబో కనుక్కోకుండా పదేళ్ళు కార్లు నడిపాను.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయిగా, ఇంజన్ ఆయిలే ఉండదుగా అంటారా? నిజమే. కానీ అందులోనూ తెరమీద "బ్యాటరీ ఇంత శాతం" అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె కొలిచిందో, లెక్కకట్టిందో ఒకసారి అడిగి తెలుసుకోండి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాం. పొద్దున్నే లేచేసరికి వాకిట్లో చప్పుడు. నాన్నకి ఇప్పుడు డెబ్భై రెండు, కళ్ళజోడు లేనిదే కనపడదు. నా కారు బానెట్ ఎత్తి, బనీను ముక్కతో పుల్ల తుడుస్తున్నారు. పక్కన మా పెద్దవాడు నిలబడి ఉన్నాడు.

"తాతా, ఎందుకు రెండుసార్లు పెడుతున్నావ్?"

నేను ఇంతకాలం అడగని ప్రశ్న. నాన్న వాడికి చెప్పడం మొదలుపెట్టారు. నేను కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాను. కాఫీ తరవాత తాగాం.